ఎర్ర తాడు

ఎలక్ట్రికల్ బ్రాంచిలో చేరిన ప్రతివాడికీ ఒక శాపం ఉంటుంది. మొదటి సెమిస్టర్ అయినా పూర్తి కాకముందే చుట్టాల్లో ఎవరో ఒకరు పాడైపోయిన మిక్సీ తెచ్చి ముందు పెడతారు. "కరెంటు చదువే కదా నాన్నా, కాస్త చూడు" అంటారు. మేం చదివింది కిర్‌కాఫ్ సూత్రాలని, మిక్సీ గురించి ఏ యూనిట్లోనూ లేదని చెప్పలేం. స్క్రూలు విప్పి, లోపలికి గంభీరంగా చూసి, "మోటారు పోయినట్టుంది పిన్నీ" అనేసి మళ్ళీ బిగించి ఇచ్చేస్తాం. బిగించాక ఒక స్క్రూ మిగులుతుంది. దాన్ని జేబులో వేసుకుంటాం.

మూడో సంవత్సరం దసరా సెలవుల్లో నా ముందుకి మిక్సీ రాలేదు. నాలుగు చక్రాల బండి వచ్చింది.

మా మావయ్యది బాపట్ల. రెండు పంటలు వరసగా వైట్‌స్పాట్ తగిలి రొయ్యలు పోయాక చెరువు లీజు వదిలేశాడు. అక్కడికి 9 కిలోమీటర్ల దూరంలో సూర్యలంక బీచ్. శని ఆదివారాలు గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరతాయి. ఉగాదికి ఒక క్వాడ్ బైక్ కొని, ఇసకలో రౌండుకింత అని తిప్పడం మొదలుపెట్టాడు. ఆ బండి బాగానే ఆడింది. ఆ ధైర్యంతో దసరా ముందు ఒక రిసార్టు వాళ్ళ దగ్గర ఇంకోటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాడు, 55 వేలకి. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానానికి వచ్చే జనం ఎంతమందో బాపట్ల వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ నెల రోజుల్లో బండి ఖర్చు సగమైనా రాబట్టాలని లెక్క.

కొన్న మూడో వారానికి ఆ బండి చచ్చి ఊరుకుంది. తాళం తిప్పితే లైటు వెలుగుతుంది. సెల్ఫ్ నొక్కితే "టిక్" అంటుంది, అంతే. మెకానిక్ చూసి వైరింగ్ కిట్ మొత్తం మార్చాలన్నాడు, ఈ మోడల్‌కి ఇక్కడ దొరకదనీ అన్నాడు. అప్పుడు మా అమ్మ ఫోన్లో తన తమ్ముడికి ఇచ్చిన మాట: "ఎవడికో ఎందుకురా డబ్బులు, మావాడు వస్తున్నాడుగా."

అలా నేను సర్వే తోటల మధ్య ఉన్న ఆ రేకుల షెడ్డులో, చెమటలు కారుతూ, సీటు విప్పిన బండి ముందు నిలబడ్డాను. నెట్‌వర్క్ థియరీలో నాకు మంచి గ్రేడు వచ్చిందని ఇక్కడ ఒకసారి చెప్పుకోనివ్వండి. దాంతో ఎంత ఉపయోగం కలిగిందో ఇప్పుడు చెప్తాను.

సీటు కింద పాముల పుట్టలా వైర్లు. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, నలుపు మీద తెలుపు గీత, నలుపు మీద పసుపు గీత. ఇంట్లో అయితే నలుపు న్యూట్రల్. ఇక్కడ నలుపంటే తాళం తిప్పాక వచ్చే 12 వోల్టులు. ఆకుపచ్చ బాడీ ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్. ఇది తెలుసుకోవడానికే గంట పట్టింది. ఫ్యూజ్ డబ్బా తెరిస్తే అందులో ఫ్యూజ్ లేదు, నాలుగు రాగి పోగులు మెలిపెట్టి కట్టి ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ముడు ఫ్యూజ్ పోయే సమస్యకి శాశ్వత పరిష్కారం కనిపెట్టాడన్నమాట.

నా దగ్గర ల్యాబ్ కోసం కొన్న చవక మల్టీమీటర్ ఉంది. అంతకుముందు ఎప్పుడో కరెంటు కొలవడానికి ఎర్ర ప్రోబ్‌ని 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి మర్చిపోయాను. అదే మీటర్ని వోల్టుల మీద తిప్పి, ప్రోబులు బ్యాటరీ రెండు కొసలకీ ఆనించాను. ఆ రంధ్రంలో ఉన్నప్పుడు మీటర్ అంటే ఒక మందపాటి తీగ, అంతే. ఫట్‌మని నిప్పురవ్వ లేచింది. ప్రోబ్ మొన కాస్త కరిగింది. పక్కనే బాదం చెట్టు మీద ఉన్న కాకి ఎగిరిపోయింది. మా బుడ్డ బావమరిది, అంటే మావయ్య కొడుకు, అయిదో తరగతి, చప్పట్లు కొట్టాడు.

"బావా, మళ్ళీ చెయ్యవా?"

మావయ్య ఏమీ అనలేదు. సాయంత్రం తనకి తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకొచ్చాడు. అరవై దాటిన మనిషి. మెడలో ఒక ఇండికేటర్ బల్బు, దానికి రెండు వైర్లు, కొసన క్లిప్పులు. ఆయన పరికరాలన్నీ కలిపి అంతే.

"మేస్త్రి గారూ, బ్యాటరీ బాగుందండీ, 12.4 చూపిస్తోంది. ఎర్త్ కూడా బాగుంది, కంటిన్యుటీ బీప్ వస్తోంది" అన్నాను.

ఆయన నవ్వాడు. "బరువు మొయ్యకముందు అందరూ బాగానే ఉంటారు బాబూ. బరువు పెట్టి చూడండి."

నాకు ఆ ఒక్క మాటతో రెండో సంవత్సరం సిలబస్ అంతా మళ్ళీ అర్థమైంది. మీటర్ లోపలి రెసిస్టెన్స్ మెగా ఓముల్లో ఉంటుంది. అది తీసుకునే కరెంటు దాదాపు సున్నా. కరెంటు లేకపోతే తుప్పు పట్టిన జాయింటు దగ్గర కూడా వోల్టేజి పడిపోదు, కాబట్టి అవతల 12 అలాగే కనిపిస్తుంది. ఇక బీప్ సంగతి. అది కొన్ని పదుల ఓముల లోపు ఏదున్నా కూస్తుంది. సెల్ఫ్ మోటారుకి 40 ఆంపియర్లు కావాలనుకుందాం. దారిలో 0.1 ఓము ఉన్నా చాలు, 4 వోల్టులు అక్కడే పోతాయి. 0.1 ఓముని నా మీటర్ చూడనైనా చూడలేదు, కానీ మోటారుకి మాత్రం ప్రాణం పోతుంది.

మావయ్యని సెల్ఫ్ నొక్కి పట్టుకోమని, మీటర్ ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజను బాడీ మీద పెట్టాను. ఆ రెండూ ఒకే తీగ రెండు కొసలు. మధ్యలో సున్నా రావాలి. 3.6 వచ్చింది. ఎర్త్ లగ్గు విప్పితే కింద పెయింటు మీద తుప్పు, దాని మీద ఉప్పు. గరుకు కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, కొత్త లగ్గు వేసి బిగించాను. ఈసారి 0.2. సెల్ఫ్ గిర్రున తిరిగింది. మేస్త్రి గారు టీ తాగి, డబ్బులు వద్దని, "మిగతాది పిల్లోడు చూసుకుంటాడులే" అని వెళ్ళిపోయారు. ఆ మాట నాకు గ్రేడు కంటే ఎక్కువ కిక్ ఇచ్చింది.

కానీ ఇంజను అందుకోలేదు. ప్లగ్ తీసి బాడీకి ఆనించి చూస్తే నిప్పురవ్వ లేదు.

రెండో రోజంతా దీనికే పోయింది. ఈ బండ్లలో నిప్పురవ్వకి బ్యాటరీతో పనిలేదు. ఇంజనుతో పాటు తిరిగే మాగ్నెట్ లోపల ఒక కాయిల్ ఉంటుంది. అది పుట్టించే ఏసీ వచ్చి సీడీఐ డబ్బాలో ఒక కెపాసిటర్ని నింపుతుంది. సరైన క్షణంలో పికప్ కాయిల్ ఒక చిన్న పల్స్ పంపుతుంది. లోపల ఉన్న ఎస్‌సీఆర్ తెరుచుకుని ఆ ఛార్జ్ మొత్తం ఇగ్నిషన్ కాయిల్లోకి ఒక్కసారిగా దూకుతుంది. పవర్ ఎలక్ట్రానిక్స్‌లో ఎస్‌సీఆర్ లక్షణాలు గ్రాఫు గీసి చూపించమంటే గీసినవాణ్ణే, అది బీచ్‌లో పిల్లల బండి నడుపుతుందని నాకు తెలియదు.

ఆ సీడీఐకి నలుపు మీద తెలుపు గీత వైరు ఒకటి వస్తుంది. అది ఇంజను ఆపే వైరు. దాన్ని ఎర్త్‌కి కలిపితే కెపాసిటర్ నిండదు, నిప్పురవ్వ రాదు, ఇంజను ఆగిపోతుంది. దానికి మూడు స్విచ్చులు పారలల్‌లో ఉంటాయి. ఒకటి తాళం, రెండు హ్యాండిల్ మీద స్టాప్ బటన్, మూడు బండి వెనకాల ఉండే ఎర్ర తాడు. పిల్లలు నడుపుతుంటే పెద్దవాళ్ళు వెనక నడుస్తూ ఆ తాడు కొస పట్టుకుంటారు. లాగితే పిన్ను ఊడి వస్తుంది, బండి ఆగుతుంది. మూడింటిలో ఏ ఒక్కటి ఎర్త్‌కి తగిలినా ఇంజను ఆగాల్సిందే.

అంటే మూడింటిలో ఒకటి అదే పనిగా తగులుతూ ఉంటే? ఆ వైరు పిన్నుని సీడీఐ కప్లర్లోంచి బయటికి లాగేశాను. మావయ్య సెల్ఫ్ నొక్కాడు. బండి ఒక్కసారిగా అందుకుంది. షెడ్డంతా పొగ, అరుపులు, అత్తయ్య వంటింట్లోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది.

ఆపడానికి తాళం తిప్పితే ఆగలేదు. బటన్ నొక్కితే ఆగలేదు. ఆగదు మరి, మూడింటికీ ఉన్న ఒకే ఒక్క దారిని నేనే ఊడబీకాను కదా. మావయ్య కంగారులో ప్లగ్ క్యాప్ పీకబోయి షాక్ తిని "అమ్మో" అని వెనక్కి పడ్డాడు. చివరికి ఒక తడిగుడ్డ కార్బ్యురేటర్ మూతికి అడ్డం పెడితే దగ్గి దగ్గి ఆగింది. అందరం నవ్వుకున్నాం. నాకు మాత్రం ఆ అరనిమిషంలో గుండె కాస్త గట్టిగానే కొట్టుకుంది. ఆగని ఇంజను పక్కన నిలబడితే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఇక ఒక్కో కొమ్మా విడదీసి చూశాను. తాళం బాగుంది. బటన్ బాగుంది. తాడు స్విచ్చులో ఉప్పునీరు చేరి, పిన్ను పెట్టి ఉన్నా లోపల కరెంటు కారిపోతోంది. ఆ కొమ్మ కత్తిరించి, రెండు కొసలకీ నలుపు టేపు చుట్టేశాను. మిగతా రెండూ కలిపి పిన్ను మళ్ళీ కప్లర్లో పెట్టాను. బండి అందుకుంది. తాళం తిప్పితే ఆగింది. రాగి పోగులు తీసి పారేసి 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాను. ఆకుపచ్చగా పూసిన కప్లర్లు శుభ్రం చేసి, నల్లబడ్డ వైరు మంచి రాగి కనబడేదాకా కత్తిరించి, కొత్త ముక్క అతికి, స్లీవ్ తొడిగాను. ఆదివారం సాయంత్రానికి బండి సిద్ధం. సోమవారం పొద్దున నా రైలు.

ఆ సాయంత్రం బుడ్డోడు బండి చుట్టూ తిరుగుతూ ఎర్ర తాడు పట్టుకుని అడిగాడు.

"బావా, ఇది లాగితే ఆగుద్దా?"

"దాన్ని తీసేశాన్రా. తాళం తిప్పితే ఆగుద్ది."

"మరి నేను నడుపుతుంటే నాన్నకి తాళం అందదుగా?"

నేను మావయ్య వంక చూశాను. మావయ్య బండి తుడుస్తూ, "వాడి మాటలకేంలే అల్లుడూ. ఆ తాడు ఎవరు పట్టుకుంటారు ఈ రోజుల్లో? బండి నడిస్తే చాలు" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాటే కావాలి. రెండు రోజులుగా నడుం పడిపోయింది. ఆ స్విచ్ బాపట్లలో దొరకదు. మూడింటిలో రెండు పనిచేస్తున్నాయి. అరవై ఏడు శాతం అంటే మన యూనివర్సిటీలో ఫస్ట్ క్లాసే కదా అనుకుని పడుకున్నాను.

పొద్దున బాపట్ల స్టేషన్లో ప్లాట్‌ఫామ్ చివర నిలబడ్డాను. రైలు ఆలస్యం. ఎదురుగా సిగ్నల్ ఎర్రగా ఉంది. ఏమీ తోచక దాన్నే చూస్తుంటే క్లాసులో విన్న ట్రాక్ సర్క్యూట్ గుర్తొచ్చింది. పట్టాల్లోకి ఒక వైపు నుంచి చిన్న వోల్టేజి ఇస్తారు, రెండో వైపు ఒక రిలే పెడతారు. పట్టాలు ఖాళీగా ఉంటే కరెంటు రిలేకి చేరి దాన్ని పట్టుకుని ఉంచుతుంది, అప్పుడే సిగ్నల్ పచ్చ ఇవ్వడానికి వీలు. రైలు వస్తే చక్రాలు రెండు పట్టాల్నీ కలిపేస్తాయి, రిలే పడిపోతుంది, ఎరుపు. దాన్ని 1872లో విలియం రాబిన్సన్ అనే ఆయన అమెరికాలో పేటెంట్ చేయించాడు. అందులో అసలు తెలివి ఏమిటంటే, పట్టా విరిగినా ఎరుపే. తీగ తెగినా ఎరుపే. బ్యాటరీ చచ్చిపోయినా ఎరుపే. ఏది పాడైనా రైలు ఆగుతుంది. పచ్చ లైటు కావాలంటే అన్నీ బాగుండి తీరాలి.

మావయ్య బండి దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ ఆపడానికి కరెంటు దారి కలవాలి. తీగ తెగితే బండి ఆగదు, హాయిగా నడుస్తుంది. తుప్పు పట్టినా నడుస్తుంది. నేను కత్తిరించినా నడుస్తుంది. ఎంత పాడైతే అంత బాగున్నట్టు కనిపిస్తుంది. "బండి నడిస్తే చాలు" అనే పరీక్షలో అది ఎప్పుడూ ఫస్ట్ క్లాసే.

అప్పుడు ఒక ఆలోచన వచ్చి కడుపులో ఏదో తిప్పినట్టయింది. ఉగాది నుంచి బాగా నడుస్తోందని మేం చేయి కూడా వెయ్యని మొదటి బండి సంగతేంటి?

ఫోన్ చేశాను. "మావయ్యా, ఇవ్వాళ రెండు బళ్ళూ బయటికి తియ్యొద్దు. వస్తున్నా."

"రైలు తప్పిపోయిందా?"

"లేదు. వస్తున్నా."

నా వెనకే రైలు వచ్చి వెళ్ళిపోయింది. ఆ రోజు పోయిన మూడు పీరియడ్లు నా అటెండెన్స్‌ని 75 దగ్గర ఎలా ఊగిసలాడించాయో అది వేరే వ్యాసం.

షెడ్డులోకి వెళ్ళగానే మొదటి బండి స్టార్ట్ చెయ్యమన్నాను. ఆరు నెలలుగా శని ఆదివారాలు ఎంతమంది పిల్లల్ని ఎక్కించుకుందో మావయ్యకే లెక్క తెలియదు. బుడ్డోడు రోజూ బడి నుంచి రాగానే ఎక్కేది కూడా దాన్నే. ఇంజను మెత్తగా ఆడుతోంది. నేను వెనక్కి వెళ్ళి ఎర్ర తాడు పట్టుకుని లాగాను. పిన్ను నా చేతిలోకి వచ్చేసింది.

ఇంజను ఆడుతూనే ఉంది.

మావయ్య నా చేతిలో పిన్ను చూశాడు, బండి చూశాడు. ఇంకోసారి లాగమన్నట్టు చెయ్యి ఊపాడు. పిన్ను పెట్టి మళ్ళీ లాగాను. ఇంజను ఆడుతూనే ఉంది. ఆయనే తాళం తిప్పి ఆపి, పక్కనున్న ఇటుకల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి, "మొన్న ఎంగిలిపువ్వంత పిల్ల ఒకతి హ్యాండిల్ బిగుసుకుపోయి అలల్లోకి పోనిచ్చింది. పరిగెత్తి తాళం అందుకున్నా. అందబట్టి సరిపోయింది" అన్నాడు. ఈ సంగతి అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

స్విచ్ విప్పితే లోపల రాగి పలకలు రెండూ ఆకుపచ్చ పొరతో మూసుకుపోయి ఉన్నాయి. రెండో బండిలో ఉప్పు ఆ స్విచ్చుని ఎప్పుడూ కలిసి ఉండేలా చేసింది, దాంతో బండి చచ్చిపోయింది, మేం నానా యాతనా పడ్డాం. మొదటి బండిలో అదే ఉప్పు ఎప్పటికీ కలవకుండా చేసింది, దాంతో బండి హాయిగా తిరిగింది, మేం సంతోషంగా ఉన్నాం. రెండింటిలో చెడ్డ బండి ఏదో మేం పూర్తిగా తప్పుగా అనుకున్నాం.

ఆ రోజుకి రెండు స్విచ్చులూ రుద్ది, ఆరబెట్టి, గ్రీజు పూసి, కత్తిరించిన కొమ్మ మళ్ళీ అతికాను. ఒక్కో తాడూ పదేసి సార్లు లాగి చూశాం. పదికి పదిసార్లూ ఆగాయి. కానీ ఉప్పుగాలి పోదు కదా, మళ్ళీ పడుతుంది. అందుకని వచ్చే వారం కాలేజీ నుంచి రెండు రిలేలు పట్టుకెళ్ళాను. కార్లలో హారన్‌కి వాడే అయిదు కాళ్ళ మామూలు రిలే, ఆటో స్పేర్ల షాపులో ఎక్కడైనా దొరుకుతుంది.

ఆసక్తి ఉన్నవాళ్ళకి కనెక్షన్ చెప్తాను. తాళం తర్వాత వచ్చే నలుపు వైరు నుంచి రిలే కాయిల్‌కి, అంటే 85, 86 కాళ్ళకి, కరెంటు ఇచ్చాను. కాకపోతే ఆ దారి వెనకాల తాడు దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. తాడు కొసకి లాక్ లేని రెండు పిన్నుల కప్లర్ కట్టాను, లాగితే ఊడిపోయేలా. 30 నంబర్ కాలికి ఇంజను ఆపే వైరు, 87ఏ కాలికి ఎర్త్. కప్లర్ పెట్టి తాళం తిప్పితే రిలే పైకి లేచి, ఆ రెండింటినీ విడదీస్తుంది, ఇంజను నడుస్తుంది. తాడు లాగితే రిలే పడిపోయి వాటిని కలిపేస్తుంది, ఇంజను ఆగుతుంది. కప్లర్‌కి తుప్పు పట్టినా ఆగుతుంది, వెనక్కి వెళ్ళే వైరు తెగినా ఆగుతుంది. రాబిన్సన్ గారి పట్టాలనే ఎర్ర తాడుగా చేశానన్నమాట. ఇదీ నూటికి నూరు పాళ్ళు కాదు. 87ఏ దగ్గరే తుప్పు పడితే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే రిలే సీటు కింద ఎత్తున, నీళ్ళు తగలని చోట పెట్టాను. పాత రెండు స్విచ్చులూ అలాగే ఉంచాను. రోజూ షెడ్డు తీయగానే ముందు తాడు లాగి చూడాలని మావయ్యతో ఒప్పందం చేసుకున్నాను.

మావయ్య అంతా విని ఒకటే అడిగాడు. "అంటే బ్యాటరీ పడిపోయినా బండి ఆగిపోయిద్దా? ఇదివరకు బ్యాటరీ లేకపోయినా నడిచేదిగా?"

"అవును మావయ్యా. ఆగిపోవాలి."

"ఏందో మీ చదువులు" అన్నాడు. కానీ ఒప్పుకున్నాడు.

కార్తీక పౌర్ణమి రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. వెనకాల జనం గోల, అలల హోరు. మావయ్య గొంతు నిండా చిరాకు.

"ఏం చేశావురా అల్లుడూ, నిండు బేరంలో నీ బండి ఆగిపోయింది. గుంటూరోళ్ళ పిల్లోడు ఎక్కి సగం దూరం పోయాడు, ఉన్నట్టుండి టప్‌మని ఆగింది. నెట్టుకొచ్చాం."

"తాడు దగ్గర కప్లర్ చూడు మావయ్యా. ఒక వైరు ఊడి ఉంటుంది."

కాసేపు ఏవో చప్పుళ్ళు. "ఊడింది. తుప్పు."

"పాత స్విచ్ అయి ఉంటే నడిచేది."

అటువైపు నుంచి మాట లేదు. అలల చప్పుడు మాత్రం వినబడుతోంది. తర్వాత, "సరే, ఎట్టా అతకాలో చెప్పు. ముందు నలుపా, ఎరుపా?" అన్నాడు.

"ముందు బండి పక్కన పెట్టు మావయ్యా. అతికాక ఎవరినీ ఎక్కించకముందు..."

"తెలుసులేరా," అన్నాడు, "తాడు లాగి చూస్తాలే."